నిర్జన ద్వీపంలో సొంత దేశం: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో న్యాయవాద వృత్తి చేసుకుంటూ, సాయంత్రాలు న్యాయశాస్త్ర విద్యార్థులకు అంతర్జాతీయ న్యాయం బోధిస్తుంటాను. లక్నవరం చూసి వచ్చిన ప్రతి బ్యాచులోనూ ఎవరో ఒకరు, చెరువు మధ్య దీవిలో జెండా పాతి దేశమని ప్రకటించుకుంటే ఏమవుతుందని అడుగుతారు. ప్రశ్న నవ్వులాటకే అయినా, దాని వెనుక ఉన్న అపోహలను చదువుకున్న పెద్దల నోట కూడా విన్నాను.

అపోహ: మనుషులు లేని ద్వీపం ఎవరిదీ కాదు.

వాస్తవం: చెరువు శిఖంలో, అంటే నీరు నిలిచే భూమిలో, ఎవరూ ఇల్లు కట్టుకోకపోయినా అది దిక్కులేని భూమి కాదని మన ప్రాంతపు రైతుకు వేరే చెప్పనక్కరలేదు. లక్షద్వీప్‌లోని 36 దీవుల్లో జనం నివసించేవి పదే. మిగిలినవీ భారత భూభాగమే. ఈ విషయంలో నేను తప్పక చెప్పే ఉదాహరణ పసిఫిక్ మహాసముద్రంలోని క్లిప్పర్టన్. 1858లో ఒక ఫ్రెంచి నౌకాధికారి ఆ నిర్జన దీవి తమ దేశానిదని ప్రకటించగా, ఆ ప్రకటన హొనలూలు పత్రికలో అచ్చయింది. ఆ తర్వాత ఫ్రాన్సు అక్కడ ఎవరినీ స్థిరంగా ఉంచకపోయినా, మెక్సికోతో వచ్చిన వివాదంలో మధ్యవర్తిగా ఉన్న ఇటలీ రాజు 1931లో దీవి ఫ్రాన్సుదేనని తీర్పు చెప్పాడు. జనం లేని చోట హక్కు స్థిరపడటానికి కొద్దిపాటి చర్య చాలునన్న మాట నిజమే కాని, ఆ చర్య ఒక రాజ్యం తరఫున జరగాలి. ఒక వ్యక్తి తన తరఫున చేస్తే దాన్ని మనం కబ్జా అంటాము.

అపోహ: ద్వీపాన్ని డబ్బిచ్చి కొంటే అక్కడ మన చట్టమే నడుస్తుంది.

వాస్తవం: కొన్నవారికి దక్కేది పట్టా మాత్రమే, సార్వభౌమాధికారం కాదు. ఆ పట్టాను చెల్లుబాటు చేసేదే ఆ దేశపు చట్టం.

అపోహ: తీర దేశానికి చెందిన సముద్రపు హద్దు (ప్రాదేశిక జలాలు) అయిన 12 నాటికల్ మైళ్లు దాటితే ఎవరైనా సొంత దేశం కట్టుకోవచ్చు.

వాస్తవం: ఈ అపోహకు మూలం సీలాండ్. ఇంగ్లండు తీరానికి దూరంగా రెండో ప్రపంచ యుద్ధకాలంలో కట్టిన ఒక సముద్రపు కోటను 1967లో రాయ్ బేట్స్ అనే వ్యక్తి ఆక్రమించి దేశంగా ప్రకటించుకున్నాడు. కోట అప్పటి మూడు మైళ్ల హద్దుకు బయట ఉన్నందున అక్కడ జరిగిన ఘటనపై వచ్చిన కేసు తన పరిధిలోకి రాదని 1968లో ఇంగ్లండు కోర్టు తేల్చింది. పరిధి లేదని కోర్టు చెప్పడం వేరు, అది దేశమని చెప్పడం వేరు. పరీక్షలో చాలామంది తడబడేది ఇక్కడే. 1978లో ఒక జర్మన్ కోర్టు, సముద్రంలో స్తంభాలపై నిలిచిన వేదిక భూభాగం కాదని స్పష్టంగానే చెప్పింది. బ్రిటన్ 1987లో తన హద్దును 12 మైళ్లకు పెంచుకుంది. ఇటలీ అంత ఓపిక పట్టలేదు: రిమిని తీరానికి ఎదురుగా 1968లో ప్రకటించుకున్న రోజ్ ఐలాండ్ వేదికను 1969లో పేల్చివేసింది. పసిఫిక్‌లోని మినర్వా దిబ్బలపై ఇసుక పోసి 1972లో ప్రకటించిన గణతంత్రాన్ని అదే ఏడాది టోంగా స్వాధీనం చేసుకుంది. కృత్రిమ ద్వీపానికి సొంత ప్రాదేశిక జలాలు ఉండవని ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం కూడా చెబుతుంది.

అపోహ: జెండా, నాణెం, తపాలా బిళ్ల ఉంటే దేశమే.

వాస్తవం: నిజాం రాజ్యానికి హాలీ సిక్కా అనే సొంత నాణెం, సొంత తపాలా బిళ్లలు, రైల్వే, కోటిన్నరకు పైగా జనాభా ఉన్నా, విదేశీ వ్యవహారాలు మాత్రం బ్రిటిష్ వారి చేతిలోనే ఉండేవి. స్థిర జనాభా, నిర్దిష్ట భూభాగం, ప్రభుత్వం, ఇతర రాజ్యాలతో సంబంధాలు పెట్టుకోగల సామర్థ్యం అనే నాలుగు లక్షణాలను 1933 నాటి మాంటివిడియో ఒప్పందం చెబుతుంది. నిర్జన ద్వీపం మొదటి లక్షణం దగ్గరే ఆగిపోతుంది.

అపోహ: ప్రభుత్వం పట్టించుకోకపోతే ఒప్పుకున్నట్టే.

వాస్తవం: పశ్చిమ ఆస్ట్రేలియాలో గోధుమ కోటాపై తగాదా పడిన ఒక రైతు 1970లో తన పొలాన్ని హట్ రివర్ అనే దేశంగా ప్రకటించుకున్నాడు. పర్యాటకులు వచ్చి పాస్‌పోర్టులపై ముద్రలు వేయించుకున్నారు, ఏళ్లు గడిచాయి. పన్ను బకాయిలు మాత్రం పెరుగుతూనే పోయాయి. 2017లో కోర్టు వాటిని కట్టమని ఆదేశించింది, 2020లో ఆ ‘దేశం’ మూతపడింది, బకాయి తీర్చడానికి పొలాన్ని అమ్మకానికి పెట్టవలసి వచ్చింది.