కప్పు గోడను తాకే చోట: ఇల్లు ఉరవడంపై అపోహలు – వాస్తవాలు

గోదావరి జిల్లాల్లో ఇళ్ల ఉరుపులు బాగుచేసే పనిలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. మొదటి పెద్ద వాన పడిన మర్నాడు వచ్చే ఫోన్లన్నింటిలో దాదాపు ఒకటే మాట: “స్లాబు ఉరుస్తోందండీ.” వెళ్లి చూస్తే స్లాబు నడిమధ్యలో లోపం కనిపించేది తక్కువ. పిట్టగోడ స్లాబు మీద కూర్చున్న గీత దగ్గరో, మెట్ల గది గోడ మొదట్లోనో, రేకుల పంచ గోడకు ఆనిన చోటో, గొట్టం స్లాబులోంచి పైకి వచ్చిన చోటో దొరుకుతుంది. రెండు వేర్వేరు భాగాలు కలిసే ఇలాంటి చోట్ల నీటిని దాటించడానికి వేసే మడత రేకును, పట్టీని, పూతను ఫ్లాషింగ్ అంటారు. రేకుల షెడ్లు వేసేవారి నోట ఈ మాట రోజూ వినిపిస్తుంది. డాబా ఇల్లు కట్టుకునేవారు మాత్రం దాని గురించి అడగరు, మేస్త్రీ చెప్పడు. ఇంటి మొత్తం ఖర్చులో లెక్కకు కూడా రాని ఈ చిన్న పని సరిగా జరగక మంచి ఇళ్లు పాడైపోవడం చూస్తుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

అపోహ: మరక ఎక్కడ ఉంటే నీరు దిగుతున్నది సరిగ్గా దాని పైనే.

కాకినాడలో ఒక ఇంట్లో హాలు ఫ్యాను కొక్కెం నుంచి బొట్లు పడుతున్నాయి. మూడేళ్లుగా ఆ ఫ్యానుకు సరిగ్గా పైన డాబా మీద ఏటా ఒక పూత వేయిస్తున్నారు. నేను వెళ్లేసరికి అక్కడ మంచమంత మేర మూడు రంగుల పొరలు ఉన్నాయి. బొట్లు మాత్రం ఆగలేదు.

ఇలాంటప్పుడు నేను చేసే పని ఒక్కటే. తోటకు నీళ్లు పెట్టే గొట్టం తీసుకుని కింది నుంచి పైకి, ఒక్కో భాగాన్నీ విడివిడిగా తడపడం. లోపల ఒక మనిషి పైకి చూస్తూ నిలబడాలి. ముందు స్లాబును ఇరవై నిమిషాలు తడిపాం, బొట్టు లేదు. మెట్ల గది గోడ మొదట్లో మరో ఇరవై నిమిషాలు, అక్కడా లేదు. తలుపు పైన ఎండ తగలకుండా వేసిన చిన్న రేకు పంచ ఉంది. అది గోడను తాకే చోట నీళ్లు పోసిన పది నిమిషాల్లోపే కిందనుంచి కేక వినిపించింది. అక్కడికీ ఫ్యానుకూ మధ్య పదకొండు అడుగుల దూరం. నీరు గోడలోకి దిగి, స్లాబులో వేసిన కరెంటు గొట్టం పట్టుకుని నడిచి, ఫ్యాను కొక్కెం దగ్గర బయటపడుతోంది.

పరీక్ష ఎప్పుడూ కింది నుంచే మొదలుపెట్టండి. పై నుంచి పోస్తే నీరు అన్ని చోట్లా పారి, ఏ సందులోంచి దిగిందో తేలదు. ఓపిక లేకుండా ఐదు నిమిషాలకోసారి చోటు మార్చినా ఇదే జరుగుతుంది.

అపోహ: రేకు అంచు మీద సిమెంటు పట్టీ వేస్తే ఇక దిగులు లేదు.

అదే ఇంటి సంగతి చెబుతాను. ఆ పంచ రేకు పై అంచును గోడకు మేకులతో కొట్టి, దాని మీద రెండంగుళాల వెడల్పున సిమెంటు మెత్తారు. చూడటానికి గట్టిగానే ఉంది. ఉలి అంచు పెట్టి కాస్త ఎత్తగానే ఆ పట్టీ అడుగున్నర పొడవున ఒకే ముక్కగా చేతిలోకి వచ్చేసింది. తిప్పి చూస్తే దాని వీపున గోడ సున్నం తెల్లగా అంటుకుని ఉంది. అంటే అది పట్టుకున్నది గోడను కాదు, గోడ మీది సున్నం పొరను. ఆ పొర ఎప్పుడో గోడను వదిలేసింది. లోపల చీమలు చేర్చిన మట్టి, వాన వెలిసి మూడు రోజులైనా ఇంకా తడిగా, నల్లగా ఉంది. మేకు తల తుప్పు పట్టి వేలితో తాకితే రాలిపోయింది.

ఇందులో సిమెంటు నాణ్యత తప్పేమీ లేదు. ఎండకు రేకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. పది మీటర్ల ఇనుప రేకు 40 డిగ్రీల తేడాకు దాదాపు 5 మిల్లీమీటర్లు సాగుతుంది. కాంక్రీటు పది మీటర్లకు, 30 డిగ్రీల తేడాకు సుమారు 3 మిల్లీమీటర్లు. ఇటుక గోడ కాంక్రీటులో సగమే కదులుతుంది. ఇలా ఒక్కొక్కటీ ఒక్కో కొలతన కదిలే వాటి మధ్య గట్టిపడిన సిమెంటు పెడితే అది నెర్రె ఇవ్వక తప్పదు. సిమెంటు మోతాదు పెంచి మెత్తితే ఇంకా తొందరగా చిట్లుతుంది.

సరైన పద్ధతిలో రేకు రెండు ముక్కలుగా ఉంటుంది. కింది ముక్క కప్పు మీద పడుకుని, మడత పడి, గోడ మీదికి ఆరంగుళాలు ఎక్కుతుంది. దాన్ని గోడకు బిగించకూడదు. పై ముక్క అంచు గోడలో కోసిన గాడిలోకి దూరి, కింది ముక్క మీదికి జాలువారాలి. కప్పు కదిలితే కింది ముక్క దానితో కదులుతుంది, పైది గోడతో ఉండిపోతుంది, వాన పైదాని మీదుగా జారిపోతుంది. తాటాకు ఇల్లు కప్పేవాళ్లను చూసిన వారికి ఇది కొత్త కాదు. వాళ్లు చూరు దగ్గర మొదలుపెట్టి, ప్రతి వరసా కింది వరస మీదికి వచ్చేలా నడికప్పు దాకా వెళతారు. అందులో జిగురు లేదు, సిమెంటు లేదు. పైది కిందదాన్ని కప్పడమే ఆ పనిలోని బలం. ఫ్లాషింగ్ ఏ దేశంలో ఏ లోహంతో చేసినా నడిచేది ఈ సూత్రం మీదే. నా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లకు మొదటి రోజు చెప్పేది కూడా ఇదే.

అపోహ: సిలికాన్ ట్యూబు ఒకటి తెచ్చి పూస్తే చాలు.

అంగడిలో చవగ్గా దొరికే సిలికాన్‌ను పిండగానే వెనిగర్ వాసన వస్తుంది. గట్టిపడేటప్పుడు అది ఆమ్లాన్ని వదులుతుంది. అందుకే సిమెంటుకు సరిగా పట్టుకోదు, జింకు పూత ఉన్న రేకును తినేస్తుంది. అది గాజుకూ పింగాణీకీ పనికొచ్చే సరుకు. గోడ దగ్గర వాడాల్సింది పాలీయురేథేన్ సీలెంటు (సందు నింపే, సాగే గుణం ఉన్న జిగురు), లేదా వాసన లేని న్యూట్రల్ రకం సిలికాన్. పాత సిలికాన్ మీద కొత్తది అంటుకోదు, రంగూ నిలవదు. కాబట్టి పాతదాన్ని బ్లేడుతో పూర్తిగా గీకి తీసేయాలి. ఈ గీకే పనిని ఎగ్గొట్టినందువల్లే చాలా మరమ్మతులు ఏడాది కూడా నిలవవు.

పూసే తీరు కూడా ముఖ్యమే. సందులో ముందు నురుగు తాడు దూర్చి, దాని మీద సీలెంటు నింపాలి. సందు పన్నెండు మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే సీలెంటు లోతు ఆరు చాలు. అడుగున తాడు ఉంటే సీలెంటు రెండు పక్కలనే పట్టుకుంటుంది, రబ్బరులా సాగుతుంది. అడుగు కూడా అంటుకుపోతే సాగే వీలు లేక మధ్యలో చిరుగుతుంది.

అపోహ: డాబా మీద పూత వేశాం కాబట్టి పిట్టగోడ సంగతి అక్కర్లేదు.

నన్ను అడిగితే మన ఇళ్లలో అన్నిటికంటే పెద్ద పొరపాటు ఇదే. స్లాబు పోసిన తర్వాత దాని మీద విడిగా ఇటుక పేర్చి పిట్టగోడ కడతారు. ఆ రెంటి మధ్య గీత ఇంటి చుట్టూ, ఎటువంటి పట్టూ లేకుండా, పరిచి ఉంటుంది. పూత వేసేవాడు గోడ దాకా వచ్చి ఆపేస్తే నీటికి దారి చూపినట్టే.

మరమ్మతు ఇలా చేస్తాం. మూల పొడవునా నెర్రెను వి ఆకారంలో విప్పి, తీగల బ్రష్షుతో దుమ్ము దులిపి, పాలిమర్ ద్రవం కలిపిన సిమెంటు ఇసుక మిశ్రమంతో నింపుతాం. తర్వాత మూలను లంబంగా వదలకుండా, సీసా వీపుతో రుద్దినట్టు గుండ్రంగా తిప్పుతాం. మడత పదునుగా ఉంటే ఏ పూతైనా అక్కడ పలచబడి చిట్లుతుంది. అది ఆరాక మొదటి పూత, అది తడిగా ఉండగానే గాజునూలు వల, దాని మీద అడ్డంగా మరో పూత. ఇవన్నీ స్లాబు మీద అడుగు మేర, గోడ మీద కనీసం ఆరంగుళాల మేర రావాలి. ఆరంగుళాలు ఎందుకంటే తూము ఆకులతో మూసుకుపోయిన రోజున నీరు నిలిచేది ఆ ఎత్తుకే. తూము నోటి చుట్టూ కూడా ఇదే వల గొట్టం లోపలికి మడత పడాలి.

ఇంతా చేసి గోడ నెత్తిని మరచిపోతే శ్రమంతా వృథా. పిట్టగోడ పైభాగం చదునుగా ఉంటే వాన అక్కడ నిలిచి, ఇటుకలో ఇంకి, మీరు వేసిన పూత వెనక నుంచి దిగుతుంది. పూత ఉబ్బి బుడగలా లేస్తే ముందు పైకి చూడండి. గోడ నెత్తిన వాటం డాబా వైపుకు ఉండాలి. ఇనుప రెయిలింగు కాళ్లు అందులో పాతి ఉంటే అవి తుప్పు పట్టి, ఉబ్బి, గోడను చీలుస్తాయి. ప్రతి కాలి చుట్టూ చూడాల్సిందే.

అపోహ: ఎండ ఎంత మండితే పూత అంత బాగా పడుతుంది.

పని ఎండాకాలంలో చేయాలన్నది నిజమే, మిట్టమధ్యాహ్నం కాదు. స్లాబు వేడెక్కుతున్నప్పుడు దాని రంధ్రాల్లోని గాలి, ఆవిరి పైకి తన్ని పూతలో బుడగలు లేపుతాయి. స్లాబు చల్లబడటం మొదలయ్యే సాయంత్రం వేళ నయం. కోస్తా వారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. నైరుతి వెళ్లిపోయిందని అక్టోబరులో మొదలుపెడితే తుపాన్ల కాలం మీద పడుతుంది. ఫిబ్రవరి నుంచి మే లోపు ముగించుకోవడం మంచిది.

అపోహ: వాన పైనుంచే పడుతుంది, పక్కనుంచి భయం లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు గంటకు 170 కిలోమీటర్లు దాటిన గాలి వీచింది. అంతటి గాలి నీటిని రేకు అతుకు కిందికి, పైవైపుకు కూడా నెడుతుంది. అందుకే తీరం దగ్గర ఫ్లాషింగ్ రేకులు ఒకదాని మీదికొకటి వచ్చే అతుకు ఆరంగుళాలు పెడతాను, దాని నోరు గాలి వచ్చే దిక్కుకు తెరుచుకోకుండా చూస్తాను. ఉప్పుగాలికి మామూలు జింకు రేకు తొందరగా పోతుంది. అలాగని అల్యూమినియం రేకును పచ్చి సిమెంటులో పాతకండి, క్షారానికి అది తినుకుపోతుంది. రాగి మీదుగా జారిన నీరు జింకు రేకు మీద పడినా ఇదే తంటా. ఏసీ రాగి గొట్టం ఎక్కడ కారుతోందో చూసుకోండి.

అపోహ: పెంకుటిల్లు ఉరిస్తే పెంకులు మార్చాలి.

1860ల్లో మంగళూరులో బాసెల్ మిషన్ అనే క్రైస్తవ సంస్థ వారి కార్ఖానాతో మొదలైన మంగళూరు పెంకు ఎంతో మన్నికైనది. పగిలిన నాలుగు మారిస్తే మిగతావి ఇంకో తరం ఉంటాయి. కోనసీమ మండువా లోగిళ్లలో నేను ముందుగా చూసేది పెంకులను కాదు. కప్పు నాలుగు వైపుల నుంచీ లోపలి ముంగిలి వైపు వాలుతుంది కదా, ఆ వాలులు కలిసే నాలుగు మూలలను చూస్తాను. కప్పు మీద పడిన నీరు ఆ మూలల్లోకి చేరి పారుతుంది. అక్కడ పెంకుల కింద పరిచిన రేకు దోనె చిల్లు పడితే, దాని కింద ఉన్న టేకు దూలం చివర మెత్తబడుతుంది. రెండు వైపులా రెండేసి వరసల పెంకులు విప్పి, పాత దోనె తీసి, వెడల్పైన కొత్త రేకు కింది నుంచి పైకి అతుకుతూ పరవాలి. రేకు అంచులను లోపలికి చిన్నగా మడిస్తే పొంగిన నీరు పక్కకు దాటదు. దోనె మధ్యలో మేకు కొట్టకూడదు. మూల దూలాన్ని పొడిచి చూడకుండా ఏ దోనెనూ మూయకండి.

అపోహ: అమెరికాలో కొత్త కప్పు వేయిస్తే ఫ్లాషింగ్ కూడా కొత్తదే వస్తుంది.

మా అక్క కూతురు టెక్సాస్ నుంచి వీడియోలో తన ఇంటి కప్పు చూపించి అడిగిన సంగతి ఇది. అక్కడి వాలు కప్పుల మీద తారు పలకలు వరసలుగా ఉంటాయి. గోడ పక్కన ప్రతి వరసకూ ఒక ఎల్ ఆకారపు ఫ్లాషింగ్ ముక్క చొప్పున మెట్లలా సాగాలి. కప్పు మార్చేవారు పాత ముక్కలనే ఉంచి కొత్త పలకలు వేసేయడం అక్కడ మామూలే. ఒప్పందంలో ఫ్లాషింగ్ మార్పు రాసి ఉందో లేదో సంతకానికి ముందే చూడమన్నాను. గోడ పక్కన కప్పు ముగిసే చోట నీటిని గోడ నుంచి చూరు దోనెలోకి మళ్లించే చిన్న మడత ముక్క ఉందో లేదో చూడమన్నాను. కప్పులోంచి వచ్చే గాలి గొట్టం చుట్టూ రబ్బరు తొడుగు ఉంటుంది, పలకల కంటే ముందు చిట్లేది అదే.

అపోహ: సిమెంటు రేకు మీదికి ఎక్కి చూసుకోవడం ఎవరైనా చేయగల పనే.

దయచేసి ఎక్కకండి. పాత సిమెంటు రేకు బయటికి గట్టిగా కనిపిస్తూనే మనిషి బరువుకు ఒక్కసారిగా విరుగుతుంది. మాకు కూడా బోల్టుల వరస వెంట, అంటే కింద దూలం ఉన్న చోట, పొడవైన చెక్క పరిచి దాని మీదే నడవాలన్నది నియమం. ఆ పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ అనే సన్నని పోగుల ఖనిజం ఉంటుంది. ఆ పోగులు ఊపిరితిత్తుల్లోకి పోతే హాని చేస్తుంది. కాబట్టి పొడిగా ఉండగా చిల్లులు వేయకూడదు, గీకకూడదు. తప్పనిసరైతే బాగా తడిపి, ముక్కుకు, నోటికి అతి సన్నని దుమ్మును కూడా ఆపే రెస్పిరేటర్ మాస్కు కట్టుకుని, పిల్లలను దూరంగా పంపి చేయాలి. రేకు గోడను తాకే చోటును నిచ్చెన మీద నుంచే చూడవచ్చు. తెల్లవారుజామున పక్క నుంచి టార్చి వెలుగు వేస్తే సన్నని సందు కూడా నల్ల గీతలా కనిపిస్తుంది. దాన్ని ఫోనులో ఫొటో తీసి, పనివాడు వచ్చాక ముందు ఆ ఫొటో చూపించండి.