సైనస్ అనగానే మూడు గోలీల స్ట్రిప్పు: ఈ అలవాటు ఎక్కడిది?

చలికాలం వచ్చిందంటే మా గల్లీ మూల మెడికల్ షాపులో రోజూ ఇదే వరస. చెంప ఎముక మీద చెయ్యి పెట్టుకుని "అన్నా, సైనస్ మళ్ల మొదలైంది, మూడ్రోజుల గోలీలియ్యి" అంటారు, ఆయన చీటీ కూడా అడక్కుండా అజిత్రోమైసిన్ 500 అనే యాంటీబయాటిక్ (బాక్టీరియాని చంపే మందు) తీసి చేతిలో పెడతాడు. చూసినప్పుడల్లా బాధేస్తుంది నాకు.

ముందు 1970ల నుంచి సైనస్‌కి అమాక్సిసిలిన్ అనే ఇంకో యాంటీబయాటికే పెద్ద దిక్కు, కాకపోతే రోజుకి మూడుసార్లు, వారం పది రోజులు మింగాలి. 1980లో జాగ్రెబ్‌లో ప్లీవా కంపెనీ వాళ్లు అజిత్రో కనిపెట్టారు, అది రోజుకొక్కటి వేస్తే చాలు, ఒంట్లో రోజుల తరబడి నిలబడి ఉంటుంది కాబట్టి కోర్సు మూడ్రోజుల్లో అయిపోతుంది, ఇంక జనానికి అదే నచ్చేసింది. కానీ ఆ నిలబడి ఉండటంలోనే చిక్కుంది, మందు పలచబడుతూ ఒంట్లో ఉన్నన్నాళ్లూ చావకుండా మిగిలిన బాక్టీరియా దాన్ని తట్టుకోవడం నేర్చేసుకుంటుంది. సైనస్‌లో ఎక్కువ కనిపించే న్యుమోకాకస్ అనే బాక్టీరియా అలాగే మొండికేసింది, అందుకే 2012లో అమెరికా ఇన్ఫెక్షన్ డాక్టర్ల సంఘం సైనస్‌కి అజిత్రో రకం మందులతో మొదలెట్టొద్దు, అమాక్సిసిలిన్‌తో క్లావులనేట్ (అమాక్సిసిలిన్ని బాక్టీరియా పాడుచెయ్యకుండా కాపాడే తోడు మందు) కలిపింది ఇవ్వండి అని చెప్పింది.

అదే ఏడాది అమెరికాలోనే 166 మంది మీద చేసిన ట్రయల్ ఇంకో సంగతి బయటపెట్టింది. కొందరికి అమాక్సిసిలిన్, కొందరికి మందు లేని గోలీలు ఇస్తే మూడో రోజుకి తేడా లేదు, ఏడో రోజుకి మందు వాడినవాళ్లు కాస్త నయం, పదో రోజుకి మళ్లీ అందరూ సమానమే. అసలు సర్దిలో బాక్టీరియా సైనస్ దాకా వెళ్లేది నూటికి రెండు కూడా ఉండవు, మిగతాదంతా వైరస్సే, దాని మీద ఈ యాంటీబయాటిక్‌లు పనిచెయ్యవు.

మన దగ్గర 2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అనే ప్రభుత్వ మందుల లిస్టు అమల్లోకొచ్చింది, ఆ లిస్టులో ఉన్న మందు అమ్మితే షాపువాడు రిజిస్టర్‌లో రాయాలి. అజిత్రో అప్పుడు ఆ లిస్టులోకి రాలేదు, మామూలు షెడ్యూల్ హెచ్‌లోనే ఉండిపోయింది, చీటీ తప్పనిసరే గానీ రిజిస్టర్ లేదు. ఇది పెద్ద లోటు అనే నేనంటాను.

పోయిన డిసెంబర్‌లో మా అమ్మకి ఎనిమిదో రోజు పసుపు చీమిడి, తలనొప్పి. బస్తీ దవాఖానలో డాక్టరమ్మ రంగు సంగతి పట్టించుకోలేదు, "ఎన్ని రోజులైందమ్మా, తగ్గి మళ్లీ ఎక్కువైందా, జ్వరం 102 దాటిందా" అని మూడే అడిగి, ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోమని, పారాసిటమాల్ రాసి, పది రోజులు దాటినా తగ్గకపోతే రమ్మన్నారు. పదో రోజుకి అమ్మ పొద్దున్నే లేచి పోపు వాసన వస్తోందంది.