ప్రీకాన్ డెక్ అప్‌గ్రేడ్: అపోహలు - వాస్తవాలు

మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో 'కమాండర్' పద్ధతి ఆడదామని రెడీమేడ్ డెక్ (ప్రీకాన్) ఒకటి కొనుక్కున్నవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఇందులో ఏ పది కార్డులు వేస్తే బాగుంటుంది?" నేను తిరిగి అడిగేది కూడా ఒకటే: "ఏ పది తీసేద్దామనుకుంటున్నారు?" అక్కడ చాలామంది ఆగిపోతారు. వేయాల్సిన కార్డుల జాబితాలు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి. తీయాల్సినవి తెలియాలంటే మాత్రం ఆ డెక్ ఎలా నడుస్తుందో మనకు తెలియాలి. ప్రీకాన్‌ల గురించి చెలామణీ అయ్యే అపోహలు చాలావరకు ఈ రెండో పనిని తప్పించుకునే దారులే.

కొత్తవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. కమాండర్ డెక్‌లో మొత్తం 100 కార్డులు. మామూలుగా ఒకటి కమాండర్ (డెక్‌కు నాయకుడైన కార్డు, ఎప్పుడూ విడిగా అందుబాటులో ఉంటుంది), మిగతావి 99. కార్డులు వేయడానికి ఖర్చయ్యే 'మనా'ను ఇచ్చేవి లాండ్లు; వాటిలో సాదాసీదావైన బేసిక్ లాండ్లను మినహాయిస్తే ఒకే కార్డు రెండుసార్లు ఉండకూడదు. సాధారణంగా నలుగురు కూర్చుని ఆడతారు, ఒక్కొక్కరికి 40 లైఫ్. రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించిన ఈ ఆట 1993లో వచ్చింది. కమాండర్ కోసమే ప్రత్యేకంగా తయారైన ప్రీకాన్‌లను విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ 2011లో ఐదు డెక్‌లతో మొదలుపెట్టింది.

అపోహ: ప్రీకాన్‌ను ఉన్నదున్నట్టు ఆడితే గెలవడం కల్ల. ముందు మార్చాలి, తర్వాతే టేబుల్ మీద పెట్టాలి.

వాస్తవం: విజార్డ్స్ 2025 ఫిబ్రవరిలో కమాండర్ డెక్‌లను వాటి జోరును బట్టి ఐదు బ్రాకెట్లుగా విడదీసింది. అప్పట్లో సగటు ప్రీకాన్‌ను రెండోదైన 'కోర్' బ్రాకెట్‌కు కొలబద్దగా చూపించింది. అంటే అదే స్థాయి డెక్‌లున్న టేబుల్ మీద ప్రీకాన్ నిక్షేపంగా గెలుస్తుంది. బలం లేకపోవడం దాని సమస్య కాదు, గురి చెదరడం సమస్య. ఒకే డబ్బాలో ప్రధాన కమాండర్‌తో పాటు, ఆ స్థానంలో పెట్టుకోవడానికి వీలైన మరో లెజెండరీ క్రీచర్ (పేరున్న ప్రాణి కార్డు) కూడా ఉంటుంది. ఆ ఇద్దరికీ సరిపడా కార్డులు సర్దాలి కాబట్టి 99లో కొన్ని ఒకరికి, కొన్ని ఇంకొకరికి పనికొస్తాయి. మీరు ఆడేది ఒక్కరితోనే. రెండోవారి కోసం పెట్టిన కార్డులు చేతిలో ఊరికే కూర్చుంటాయి.

అందుకే ముందు కొన్ని ఆటలు ఏ మార్పూ లేకుండా ఆడమంటాను. పక్కన చిన్న కాగితం పెట్టుకుని రెండే రెండు విషయాలు రాసుకోండి. ఏ కార్డు చేతికి రాగానే "అబ్బా, ఇప్పుడు ఇదా" అనిపించింది? ఏ టర్న్‌లో చేయడానికి పనేమీ లేకుండా పోయింది, ఎందుకు? లాండ్లు రాకనా, కావాల్సిన రంగు మనా లేకనా, చేతిలో కార్డులు అయిపోయా? మొదటి ప్రశ్నకు జవాబు ఏం తీయాలో చెబుతుంది. రెండోది ఏం వేయాలో చెబుతుంది. ఇంతకన్నా మంచి రివ్యూ మీ డెక్‌కు ఎవరూ రాసివ్వలేరు.

అపోహ: ఖరీదైన కార్డు ఒకటి పడితే డెక్ దశ తిరుగుతుంది.

వాస్తవం: ఇక్కడ కాస్త లెక్క వేద్దాం. ఎనిమిదో టర్న్ వచ్చేసరికి, అదనంగా కార్డులు లాగకపోతే, మీరు చూసేవి 15 కార్డులు. ఒక ఫలానా కార్డు ఆ 15లో ఉండే అవకాశం 99లో 15, అంటే దాదాపు 15 శాతం. ఆరేడు ఆటలకు ఒకసారి కనిపించే కార్డన్నమాట. మిగతా ఆటలన్నీ దాని ముఖం చూడకుండానే అయిపోతాయి. ప్రతి ఆటలోనూ చేతికి అందే కార్డు కమాండర్ ఒక్కటే. కాబట్టి ఏ కార్డునైనా "ఇది బలమైనదేనా" అని అడిగే ముందు "నా కమాండర్‌తో కలిసి ఏం చేస్తుంది" అని అడగాలి.

దీనికి నేను తరచూ చూపించే డెక్ 'అన్‌డెడ్ అన్‌లీష్డ్'. 2021లో ఇనిస్ట్రాడ్: మిడ్‌నైట్ హంట్‌తో పాటు వచ్చిన నీలం-నలుపు జాంబీల ప్రీకాన్. కమాండర్ పేరు విల్‌హెల్ట్, ద రాట్‌క్లీవర్. మీ దగ్గరున్న వేరే జాంబీ చచ్చిపోతే, దానికి 'డికేడ్' అనే గుణం లేకపోతే, విల్‌హెల్ట్ ఒక 2/2 (దాడి బలం 2, తట్టుకునే శక్తి 2) జాంబీ టోకెన్‌ను, అంటే డెక్‌లోని కార్డు కాని అదనపు ప్రాణిని, ఇస్తాడు. ఆ టోకెన్‌కు డికేడ్ ఉంటుంది, అంటే ఎదుటివారి దాడిని బ్లాక్ చేసే (అడ్డుకునే) వీలు దానికి లేదు, దాడికి వెళ్తే ఆ కాంబాట్ చివర సాక్రిఫైస్ (బలి) అయిపోతుంది. పైగా మీ ఎండ్ స్టెప్ (మీ టర్న్ చివరి దశ) మొదట్లో ఇష్టమైతే ఒక జాంబీని సాక్రిఫైస్ చేసి కార్డు లాగవచ్చు.

ఇది నిదానంగా చదివితే విషయం బయటపడుతుంది. ఈ డెక్‌లో మామూలు జాంబీ ఒక్కొక్కటీ రెండు ప్రాణులతో సమానం. కానీ ఆ రెండోది రావాలంటే మొదటిది చావాలి, అదీ మీకు కావాల్సినప్పుడు చావాలి. విల్‌హెల్ట్ తనంతట తానుగా ఆ వీలు మీ టర్న్ చివర ఒకే ఒక్కసారి ఇస్తాడు. ప్రత్యర్థులు చంపిపెడతారని కూర్చుంటే వాళ్ళకేం పట్టింది? వాళ్ళు జాంబీలను ముట్టుకోకుండా నేరుగా విల్‌హెల్ట్‌నే తీసేస్తారు.

ఇక్కడ క్యారియన్ ఫీడర్ అనే చిన్న కార్డు చూడండి. ఒక్క నల్ల మనాకే వస్తుంది, అదీ జాంబీయే. దీనికి బ్లాక్ చేసే వీలు లేదు. పైసా మనా ఖర్చు లేకుండా, ఎప్పుడంటే అప్పుడు, ఎన్నిసార్లయినా ఒక క్రీచర్‌ను సాక్రిఫైస్ చేసి తన మీద +1/+1 కౌంటర్ (బలం పెంచే గుర్తు) వేసుకుంటుంది. దాడికి వెళ్ళిన డికేడ్ టోకెన్లు ఎలాగూ పోయేవే కదా, అవి బ్లాక్ అయ్యాక ఫీడర్‌కు మేతగా వేస్తాం. ఎవరైనా బోర్డ్ వైప్ (బల్ల మీది ప్రాణులన్నింటినీ తుడిచేసే కార్డు) వేస్తే, అది జరిగేలోపు జాంబీలన్నింటినీ సాక్రిఫైస్ చేయవచ్చు. దానికి తోడు డైర్‌గ్రాఫ్ క్యాప్టెన్ అనే కార్డు బల్ల మీద ఉంటే చచ్చే మీ వేరే ప్రతి జాంబీకీ ఒక ప్రత్యర్థి 1 లైఫ్ పోగొట్టుకుంటాడు. డికేడ్ టోకెన్లు చచ్చినా ఇది వర్తిస్తుంది. అప్పుడు ఒక మామూలు జాంబీ రెండుసార్లు చచ్చి రెండు లైఫ్ తీసుకుపోతుంది. ఇంత పని చేసే ఫీడర్ మొదట కామన్ (అరుదు కాని) కార్డుగా వచ్చిందే. ఏ నీలం డెక్‌లో వేసినా పనిచేసే పేరున్న కార్డులు బోలెడున్నాయి, అవి చెడ్డవని నేను అనను. కానీ విల్‌హెల్ట్‌కు ఆకలి దేనిమీదో వాటికి తెలియదు. అలాంటివి పది పోగేస్తే ఒక్కో కార్డూ గొప్పదే, డెక్ మాత్రం ఎవరికి వారే యమునా తీరే.

అపోహ: లాండ్లు రెండు మూడు తీసేస్తే మంచి కార్డులకు చోటు దొరుకుతుంది.

వాస్తవం: అసలుకే ఎసరు పెట్టుకోవడం అంటే ఇదే. డెక్‌ల మీద నేను చేసే రిపేర్లలో ఎక్కువసార్లు తగిలేది ఈ జబ్బే. నలుగురి ఆటలో మొదటి ప్లేయర్ కూడా మొదటి టర్న్‌లో కార్డు లాగుతాడు, కాబట్టి నాలుగో టర్న్‌కు అందరూ 11 కార్డులు చూస్తారు. 99లో 36 లాండ్లుంటే వాటిలో సగటున సరిగ్గా 4 లాండ్లు వస్తాయి. సగటు 4 అంటే ప్రతిసారీ 4 అని కాదు. మల్లిగన్ (మొదట వచ్చిన చేతిని మార్చుకోవడం) లెక్కలోకి తీసుకోకపోతే, నాలుగో టర్న్‌కు నాలుగు లాండ్లు చేరని అవకాశం 38 శాతం. అదే లాండ్లు 33 అయితే ఆ అవకాశం 47 శాతానికి పెరుగుతుంది. మూడు లాండ్లు తీసి వేసిన మూడు గొప్ప కార్డులు చేతికి వచ్చినా దాదాపు సగం ఆటల్లో చేతిలో బొమ్మలుగా మిగిలిపోతాయి.

ర్యాంప్ (మామూలు కంటే త్వరగా మనా పెంచే కార్డులు) కూడా అంతే. రెండో టర్న్‌కు చూసేవి 9 కార్డులు. రెండు మనా లోపల వచ్చే ర్యాంప్ కార్డులు డెక్‌లో 6 ఉంటే, వాటిలో ఒకటైనా అప్పటికి చేతికందే అవకాశం 44 శాతం. 10 ఉంటే 63 శాతం. ఒక్క మనాకు వచ్చి రెండు మనా ఇచ్చే సోల్ రింగ్ దాదాపు అన్ని కమాండర్ ప్రీకాన్‌లలోనూ ఉంటుంది, ఆర్కేన్ సిగ్నెట్ కూడా చాలావాటిలో ఉంటుంది. వాటిని కదపకండి. మూడు, నాలుగు మనా పెట్టి ర్యాంప్ చేసే కార్డులు కనిపిస్తే తీసి, రెండు మనావి వేయండి. చూడటానికి చప్పగా ఉండే మార్పే. కానీ నన్నడిగితే అప్‌గ్రేడ్‌లో మొదటి ఐదు మార్పులూ ఇక్కడే జరగాలి.

లాండ్ల గురించే ఇంకో అపోహ ఉంది: పాత, అరుదైన డ్యుయల్ లాండ్లు (రెండు రంగుల మనా ఇచ్చేవి) లేకపోతే మనా బేస్ (డెక్‌లోని లాండ్ల కూర్పు) బాగుపడదని. ఇది తప్పు. ప్రీకాన్‌లను నెమ్మది చేసేవి ట్యాప్ అయి వచ్చే లాండ్లు, అంటే వేసిన టర్న్‌లో మనా ఇవ్వనివి. రెండు రంగుల డెక్‌లో వాటిలో కొన్నింటిని తీసి బేసిక్ లాండ్లు వేసినా వేగం పెరుగుతుంది. ఆ పైన డ్రౌండ్ క్యాటకూంబ్ లాంటి చెక్ లాండ్లు ఉన్నాయి: మీ దగ్గర ఐలాండ్ (నీలం లాండ్) గానీ స్వాంప్ (నలుపు లాండ్) గానీ ఉంటే ట్యాప్ కాకుండా వస్తుంది. బేసిక్‌లు దండిగా ఉన్న డెక్‌లో అది దాదాపు ఎప్పుడూ సిద్ధమే. అండర్‌గ్రౌండ్ రివర్ అనే లాండ్ రంగు మనా ఇచ్చినప్పుడల్లా 1 లైఫ్ తీసుకుంటుంది. 40 లైఫ్‌తో మొదలయ్యే ఆటలో అది లెక్కపెట్టాల్సిన నష్టం కాదు. మూడు రంగులు, అంతకు మించి ఉంటే లాండ్ల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలన్నది మాత్రం నిజం.

అపోహ: కమాండర్ డెక్‌ల జాబితాలను పోగుచేసే ఈడీహెచ్‌రెక్ సైట్‌లో ఎక్కువమంది వేసిన కార్డులే సరైన కార్డులు.

వాస్తవం: ఆ సైట్ నేనూ రోజూ చూస్తాను, చాలా పనికొస్తుంది. అయితే అక్కడ కనిపించే శాతాలు ఎంతమంది తమ డెక్‌లో ఆ కార్డు ఉంచుకున్నారో చెబుతాయి తప్ప, ఎందుకు ఉంచుకున్నారో చెప్పవు. ప్రీకాన్ కమాండర్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. డబ్బాలో వచ్చిన జాబితాలో నాలుగైదు మార్చి అలాగే ఎక్కించినవాళ్ళు బోలెడుమంది ఉంటారు. దాంతో తీసేయాల్సిన కార్డు కూడా అక్కడ పైవరుసలో కూర్చుంటుంది. నేనైతే ఆ పేజీని కింది నుంచి చదువుతాను: తక్కువమంది వేసినా, ఆ కమాండర్‌తో ప్రత్యేకంగా అతికే కార్డులు అక్కడ దొరుకుతాయి.

అపోహ: డబ్బాలోని కార్డుల విడి ధరలు కలిపితే పెట్టిన డబ్బు కంటే ఎక్కువ వస్తే అది మంచి ప్రీకాన్.

వాస్తవం: అది బేరం ఎంత గిట్టుబాటో చెప్పే లెక్క, డెక్ ఎలా ఆడుతుందో చెప్పేది కాదు. రివ్యూ చదివేటప్పుడు ధరల పట్టిక దాటి ముందుకు వెళ్ళండి. లాండ్లు ఎన్ని, ట్యాప్ అయి వచ్చేవి ఎన్ని, ర్యాంప్ ఎంత, కార్డ్ డ్రా ఎంత, ప్రత్యర్థి కార్డులను తీసేసే రిమూవల్ ఎంత, ఆరు మనా పైబడినవి ఎన్ని. ఇవి లేని రివ్యూ ఎంత పొడుగున్నా అసంపూర్ణమే.

అపోహ: రెండు కార్డుల ఇన్ఫినిట్ కాంబో (ఎన్నిసార్లయినా ఆగకుండా తిరిగే జోడీ) ఒకటి, దాన్ని వెతికి తెచ్చే ట్యూటర్లు రెండు పెడితే అప్‌గ్రేడ్ పూర్తయినట్టే.

వాస్తవం: గెలుపులు పెరుగుతాయి, ఒప్పుకుంటాను. కానీ డెక్ బ్రాకెట్ మారిపోతుంది. కోర్ బ్రాకెట్‌లో రెండు కార్డుల ఇన్ఫినిట్ కాంబోలు ఉండకూడదు, 'గేమ్ ఛేంజర్స్' (ఆటను ఒక్కసారిగా మలుపు తిప్పేవి) జాబితాలోని కార్డులూ ఉండకూడదు. మూడో బ్రాకెట్ పేరే 'అప్‌గ్రేడెడ్'. అందులో గేమ్ ఛేంజర్స్ మూడింటి వరకు వేయవచ్చు. రిస్టిక్ స్టడీ, స్మదరింగ్ టైద్ రెండూ ఆ జాబితాలో ఉన్నవే. అంటే మిగతా 99 కార్డులూ డబ్బాలోంచి వచ్చినవే అయినా, రిస్టిక్ స్టడీ ఒక్కటి పెట్టగానే అది కోర్ డెక్ అనిపించుకోదు. పెట్టవద్దని నేను అనడం లేదు. పెడితే ఆట మొదలయ్యే ముందు టేబుల్‌కు చెప్పండి. "మామూలు ప్రీకానే" అని కూర్చుని ఐదో టర్న్‌లో కాంబోతో ముగిస్తే, ఎదుటి ముగ్గురి సాయంత్రం పాడుచేసినట్టు. ఇది నాకు చాలా పట్టింపు ఉన్న విషయం, ఎందుకంటే కొత్తగా వచ్చినవాళ్ళు మళ్ళీ రాకుండా పోయేది ఇలాంటి ఆటల తర్వాతే.

చివరిగా, ఒకేసారి ముప్పై కార్డులు మార్చేయాలన్న తొందర గురించి. అలా మారిస్తే ఏ మార్పు పనిచేసిందో, ఏది బెడిసికొట్టిందో ఎవరూ చెప్పలేరు. పది మార్చండి: ముందు లాండ్లు, ర్యాంప్, కార్డ్ డ్రా; ఆ తర్వాత కమాండర్‌తో నేరుగా అతికే నాలుగైదు. తీసిన పదింటినీ ఒక కవర్‌లో పెట్టి డబ్బాలోనే ఉంచండి. మళ్ళీ అదే కాగితం, అవే రెండు ప్రశ్నలు, మళ్ళీ కొన్ని ఆటలు. తీసేసినవాటిలో ఏదైనా కార్డు "ఇప్పుడు చేతిలో ఉంటే ఎంత బాగుండేది" అని పదేపదే గుర్తుకొస్తుంటే, దాన్ని వెనక్కి వేసేయండి.