ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ ప్లాన్‌లోకి ఆ వరుసలు ఎలా వచ్చాయి

ఆస్పత్రిలో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టే ప్రాజెక్టు ప్లాన్ తెరిస్తే వందల వరుసలు కనిపిస్తాయి. 'వేరే ఆస్పత్రి నుంచి వస్తున్న రోగి దారిలో ఉండగానే ఆర్డర్లు (మందులు, పరీక్షల కోసం డాక్టరు ఇచ్చే ఆదేశాలు) రాయగలమా?', 'ఈ ల్యాబ్ లేబుల్ ఏ ప్రింటర్‌లో పడుతుంది?', 'సిస్టమ్ ఆగితే మందుల చార్టు ఎక్కడ దొరుకుతుంది?' చూడ్డానికి గుమాస్తా పనిలా ఉంటాయి. గడువు ముంచుకొచ్చినప్పుడు ముందుగా కత్తెర పడేది వీటికే. కానీ వీటిలో చాలావాటికి ఒక ఊరు, ఒక తేదీ ఉన్నాయి. ఎక్కడో ఎవరో దెబ్బ తిన్నాకే అవి ప్లాన్‌లోకి ఎక్కాయి.

1971లో కాలిఫోర్నియాలోని ఎల్ కామినో ఆస్పత్రిలో డాక్టర్లు తెర మీద లైట్ పెన్‌తో తాకి ఆర్డర్లు పెట్టే సిస్టమ్ మొదలైంది. విమానాలు తయారుచేసే లాక్‌హీడ్ కంపెనీ దాన్ని రూపొందించి, తర్వాత టెక్నికాన్‌కు అమ్మేసింది. మొదట్లో డాక్టర్లు గట్టిగానే ఎదురుతిరిగారు. కొన్నేళ్లకు ఎక్కువ ఆర్డర్లు వాళ్లే పెట్టే స్థితి వచ్చింది. ఆ 'కొన్నేళ్లకు' అన్న మాటను తర్వాతి ప్రాజెక్టులు పట్టించుకోలేదు. అదే కాలంలో సాల్ట్ లేక్ సిటీలోని హెల్ప్, ఇండియానాపొలిస్‌లోని రీజెన్‌స్ట్రీఫ్ సిస్టమ్‌లను ఆస్పత్రుల్లో పనిచేసే డాక్టర్లే దగ్గరుండి కట్టుకున్నారు. వార్డులో ఏదైనా ఇబ్బందిగా ఉంటే చెప్పడానికి మనిషి పక్క గదిలోనే ఉండేవాడు. బయట కొనుక్కున్న సాఫ్ట్‌వేర్‌కు ఆ పక్క గది ఉండదు. సూపర్ యూజర్లు (తోటి సిబ్బందికి సాయపడేలా ముందే శిక్షణ పొందినవాళ్లు), కమాండ్ సెంటర్ (మొదటి రోజుల్లో ఇబ్బందులు విని సరిచేసే గది) అని ఈరోజు మనం పెట్టుకునేవన్నీ ఒక రకంగా ఆ లోటు పూడ్చే ప్రయత్నాలే.

మొదటి పెద్ద గుణపాఠం ఆస్పత్రి లోపల జరిగింది కాదు. 1992 అక్టోబర్ 26న లండన్ అంబులెన్స్ సర్వీస్ కాగితపు చీటీల పద్ధతిని వదిలి, ఏ పిలుపుకు ఏ బండి వెళ్లాలో కంప్యూటరే నిర్ణయించే సిస్టమ్‌కు మారింది. అప్పటిదాకా మూడు విభాగాలుగా నడిచిన నగరాన్ని ఒక్క రోజులో ఒక్కటి చేశారు. కంట్రోల్ రూమ్‌లో కుర్చీల అమరిక కూడా అదే రోజు మార్చేశారు. పక్కన కూర్చుని ఒకరి పొరపాటు ఒకరు సర్దుకునే జంటలు విడిపోయాయి. బండ్లు ఎక్కడున్నాయో తప్పుగా నమోదవడంతో హెచ్చరిక సందేశాలు తెర మీద పేరుకుపోయాయి. పాతవి పైకి జరిగి కనబడకుండా పోయాయి. బండి రాకపోయేసరికి జనం మళ్లీ ఫోన్ చేశారు, ఆ ఫోన్లతో పని ఇంకా పెరిగింది.

సగం పాత పద్ధతికి వెనక్కి వెళ్లి ఊపిరి పీల్చుకునేలోగా, నవంబర్ 4 తెల్లవారుజామున సిస్టమ్ పూర్తిగా ఆగిపోయింది. మూడు వారాల కిందట ఒక ప్రోగ్రామర్ పొరపాటున వదిలేసిన చిన్న కోడ్ ముక్క, సిస్టమ్ బండిని పంపిన ప్రతిసారీ సర్వర్ మెమరీలో కొంచెం కొంచెం మింగుతూ వచ్చింది. ప్రత్యామ్నాయంగా పెట్టిన సర్వర్‌ను సరిగ్గా పరీక్షించనే లేదు. మార్పుల మీద 'ఫ్రీజ్' (ఒక తేదీ తర్వాత కోడ్‌ను ముట్టుకోకూడదన్న కట్టడి), బ్యాకప్‌కు నిజంగా మారి చూసే పరీక్ష, రెండు పెద్ద మార్పులు ఒకే రోజు పెట్టకూడదన్న నియమం, ఈ మూడింటికీ ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. అదే సంస్థ 1996లో సిబ్బందిని కలుపుకుని, మెట్టు మెట్టుగా మరో సిస్టమ్ పెట్టింది. అది నిలిచింది.

1999లో అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక వచ్చాక గాలి మారింది. వైద్య పొరపాట్ల వల్ల అక్కడి ఆస్పత్రుల్లో ఏటా 44,000 నుంచి 98,000 మంది దాకా చనిపోతున్నారని అది అంచనా వేసింది. డాక్టర్లు ఆర్డర్లను కంప్యూటర్‌లోనే పెడితే మందుల పొరపాట్లు తగ్గుతాయని బోస్టన్ అధ్యయనాలు అప్పటికే చెప్పాయి. దాంతో ఆస్పత్రులు 'ఎందుకు' అని అడగడం మానేసి 'ఎప్పుడు' అని అడగడం మొదలుపెట్టాయి. 'ఎలా' అన్న ప్రశ్న మధ్యలో జారిపోయింది. లాస్ ఏంజెలెస్‌లోని సెడార్స్-సైనాయ్ ఆస్పత్రి సుమారు 3.4 కోట్ల డాలర్లు పెట్టి తయారుచేసిన ఆర్డర్ సిస్టమ్‌ను డాక్టర్ల తిరుగుబాటుతో 2003 జనవరిలో పక్కన పెట్టింది. కొన్ని క్షణాల్లో అయ్యే పనికి నిమిషాలు పట్టడం, అడుగడుగునా అడ్డొచ్చే హెచ్చరికలు డాక్టర్ల ఫిర్యాదుల్లో ముందున్నాయి.

ఈ రంగంలో అందరూ చదవాల్సిన ఉదంతం మాత్రం పిట్స్‌బర్గ్ పిల్లల ఆస్పత్రిది. 2002 అక్టోబర్‌లో అక్కడ ఆరు రోజుల్లో ఆస్పత్రి మొత్తం ఆర్డర్ ఎంట్రీకి మారింది. బయటి నుంచి బదిలీ అయి వచ్చిన 1,942 మంది పిల్లల రికార్డులను తర్వాత పరిశీలిస్తే, మరణాల శాతం 2.80 నుంచి 6.57కు పెరిగినట్టు తేలింది. 2005 డిసెంబర్‌లో 'పీడియాట్రిక్స్' పత్రికలో వచ్చిన ఆ వ్యాసం పెద్ద దుమారం రేపింది.

కారణాలు చూస్తే సాఫ్ట్‌వేర్ లెక్క తప్పింది లేదు, మందు మోతాదు మారింది లేదు. ఇంతకుముందు బిడ్డ అంబులెన్స్‌లో ఉండగానే ఐసీయూ బృందం ఆర్డర్లు రాసి మందులు సిద్ధం చేసేది. కొత్త పద్ధతిలో రోగి వచ్చి రిజిస్టర్ అయితేనే తెర తెరుచుకుంటుంది. కాగితం మీద ఒక గీతతో అయ్యే ఆర్డర్‌కు పది క్లిక్‌ల దాకా, ఒకటి రెండు నిమిషాలు పట్టేది. అంతసేపు ఒక డాక్టరో నర్సో మంచం వదిలి కంప్యూటర్ ముందు ఉండాలి. ఐసీయూలో చేతికందే మందులను సెంట్రల్ ఫార్మసీకి తరలించారు. వైర్‌లెస్ నెట్‌వర్క్ రద్దీ వేళల్లో మొరాయించేది. ఐసీయూకు కావలసిన ఆర్డర్ సెట్లు, అంటే తరచూ కలిపి రాసే ఆర్డర్ల ముందే సిద్ధం చేసిన జాబితాలు, సిద్ధంగా లేవు. విడివిడిగా చూస్తే ఇవన్నీ 'తర్వాత సర్దుకుందాం' అనిపించేవే. కొన ఊపిరితో వచ్చిన బిడ్డ దగ్గర అన్నీ ఒకే గంటలో ఎదురయ్యాయి.

సియాటిల్ పిల్లల ఆస్పత్రి అదే కంపెనీ సాఫ్ట్‌వేర్‌ను ఆ తర్వాత పెట్టింది, మరణాలు పెరగలేదు. ఆర్డర్ సెట్లను ముందే కట్టుకోవడం, ఐసీయూ పని తీరును అడుగడుగునా గమనించి దానికి తగ్గట్టు అమర్చుకోవడం అక్కడి తేడా. అధ్యయనాల పద్ధతులు, రోగుల గుంపులు ఒకటి కావు కాబట్టి అంకెకు అంకె పెట్టి పోల్చకూడదు. అయినా ఒకే పెట్టెలోంచి తీసిన సాఫ్ట్‌వేర్‌తో రెండు ఫలితాలు వచ్చాయంటే తేడా పెట్టెలో లేదన్నది తేలికగానే అర్థమవుతుంది. నాటి నుంచి మంచి ప్లాన్‌లలో 'పాత కాగితం చెప్పకుండా చేసిపెట్టే పనులేమిటి?' అన్న వరుస కనిపిస్తోంది. కేస్ షీట్‌ను మంచం చివర తగిలించడం ఒక సమాచార వ్యవస్థ, ఫైల్ మీద ఎర్ర స్టిక్కర్ ఒక హెచ్చరిక. వీటిని నర్సుల వెంట పగలు, రాత్రి, సెలవు రోజు షిఫ్టుల్లో తిరిగి చూసి రాసుకోవాలి. మీటింగ్ గదిలో అడిగితే ఎవరూ చెప్పరు, వాళ్లకు అవి పనుల్లా అనిపించవు కాబట్టి.

ఆస్పత్రుల రికార్డులను కంప్యూటర్‌లోకి మార్చడానికి ఇంగ్లండ్ 2002లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం దీనికి సరిగ్గా వ్యతిరేక దిక్కున నడిచింది. దేశాన్ని ఐదు ప్రాంతాలుగా విడగొట్టి, ఆస్పత్రుల తరఫున కేంద్రమే కాంట్రాక్టులు కుదిర్చింది. 2006లో ఖర్చు అంచనా 1,240 కోట్ల పౌండ్లు. 2011లో దాన్ని విడగొట్టి ముగిస్తున్నట్టు ప్రకటించారు. అందులో బాగా నిలిచినది ఎక్స్‌రే, స్కాన్ చిత్రాలను తెర మీద చూసే భాగం. అది ఎవరి పని తీరునూ పెద్దగా మార్చలేదు, ఫిల్మ్ బదులు తెర వచ్చిందంతే.

జీతాల సిస్టమే కదా, రోగులకేం సంబంధం అనుకునేవారు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ఆరోగ్య శాఖ, క్వీన్స్‌లాండ్ హెల్త్ సంగతి చూడాలి. 2010 మార్చిలో సుమారు 78,000 మంది ఉద్యోగులకు కొత్త పేరోల్ (జీతాల) సిస్టమ్ మొదలైంది. షిఫ్టులు, అలవెన్సులు, ఒప్పందాలు కలిపితే జీతం లెక్కకు 24,000 రకాల కలయికలు. వేల మందికి తక్కువ, మరికొందరికి ఎక్కువ పడింది, కొందరికి అసలు పడలేదు. మొత్తం భారం 120 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లని అంచనా. పరీక్షల్లో దొరికిన లోపాల తీవ్రత స్థాయిని తగ్గించి రాసుకుని పరీక్షల దశ దాటేసిన తీరు విచారణలో బయటపడింది. ఏ లోపం 'తీవ్రం' అన్నది పరీక్షలకు ముందే రాసి సంతకాలు పెట్టుకోవాలనీ, దాన్ని మార్చే అధికారం ప్రాజెక్టు మేనేజర్‌కు ఉండకూడదనీ పట్టుబట్టేవాళ్ల చేతిలో ఉన్న ఆయుధం ఇదే.

2009లో అమెరికా ప్రభుత్వం ప్రోత్సాహక డబ్బుతో పాటు గడువులూ పెట్టింది. అప్పటికి మామూలు స్థాయి ఎలక్ట్రానిక్ రికార్డు ఉన్న ఆస్పత్రులు పదిలో ఒకటి కూడా లేవు. 2015కల్లా దాదాపు అన్నీ కొన్నాయి. కొనడం వేరు, వాడటం వేరు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో ఉన్న ఆడెన్‌బ్రూక్స్ ఆస్పత్రి 2014 అక్టోబర్‌లో సుమారు 20 కోట్ల పౌండ్ల కార్యక్రమంలో ఒక్క రాత్రిలో మొత్తంగా కొత్త సిస్టమ్‌కు మారింది. మరుసటి ఏడాది తనిఖీదారులు ఆ ఆస్పత్రిని నడిపే ట్రస్టును ప్రత్యేక పర్యవేక్షణలో పెట్టారు, దానికి చూపిన కారణాల్లో కొత్త సిస్టమ్ ఇబ్బందులూ ఉన్నాయి. ఒక్కసారిగా మారడం తప్పని కాదు. సగం వార్డులు కాగితం మీద, సగం తెర మీద నడిస్తే రోగి వార్డు మారిన ప్రతిసారీ మందుల జాబితా చేత్తో తిరగరాయాలి, అదీ ప్రమాదమే. అంచెలుగా మారేవాళ్లు ఆ సరిహద్దు రోజులను వీలైనంత తగ్గించుకోవాలి. ఒక్కసారిగా మారేవాళ్లు ఓపీ రోగుల సంఖ్యను మొదటి వారాల్లో సగం దాకా తగ్గించే ఆదేశాన్ని ముందే తీసుకోవాలి. ఆదాయం తగ్గుతుందని చివరి నిమిషంలో వెనక్కి తగ్గేది ఇక్కడే.

కనబడకుండా పోయేదే అన్నిటికంటే ప్రమాదమని స్పోకేన్ చూపించింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఆ మాజీ సైనికుల ఆస్పత్రిలో 2020 అక్టోబర్ 24న కొత్త రికార్డు సిస్టమ్ మొదలైంది. ఆర్డర్ ఎక్కడికి చేరాలో ఆ చిరునామాను సిస్టమ్ గుర్తించలేకపోతే, దాన్ని 'అన్‌నోన్ క్యూ' అనే చోటికి పంపేది. పంపిన డాక్టరుకు ఏ కబురూ వచ్చేది కాదు. ఆర్డర్ వెళ్లిందనే ఆయన అనుకునేవారు. 2021 జూన్ నాటికి 11,000కు పైగా ఆర్డర్లు అలా పడి ఉన్నాయి, 149 మందికి హాని జరిగినట్టు లెక్క తేలింది. 2023 ఏప్రిల్‌లో మిగతా ఆస్పత్రులకు విస్తరణ నిలిపేశారు.

అందుకే ఇప్పుడు అనుభవజ్ఞులు గో-లైవ్‌కు (కొత్త సిస్టమ్ నిజంగా వాడకంలోకి వచ్చే రోజుకు) ముందు డమ్మీ రోగిని రిజిస్ట్రేషన్ నుంచి డిశ్చార్జి దాకా నడిపిస్తారు, ప్రతి వార్డు నుంచి, ప్రతి రకం ఆర్డర్‌తో. లేబుల్ నిజంగా ఆ ప్రింటర్‌లోనే పడిందా, చేతి పట్టీ మీది బార్‌కోడ్ తడిసినా స్కాన్ అవుతోందా అన్నది అక్కడే నిలబడి చూస్తారు. ఎక్కడికీ చేరని ఆర్డర్ల జాబితాకు పేరు పెట్టి ఒక మనిషిని కేటాయిస్తారు, రోజుకు రెండుసార్లు తెరిచి చూడమని.

శిక్షణ గో-లైవ్‌కు ఆరు వారాల కంటే ముందు ఇస్తే చాలామంది మరచిపోతారు, చివరి వారానికి నెడితే రాత్రి డ్యూటీ వాళ్లు తప్పిపోతారు. కట్‌ఓవర్ రాత్రి, అంటే పాత పద్ధతి నుంచి కొత్తదానికి మారే రాత్రి, వార్డుల్లో ఉన్న ప్రతి రోగి మందులను కొత్త సిస్టమ్‌లోకి ఇద్దరు కలిసి ఎక్కించాలి, ఒకరు పెట్టి ఇంకొకరు సరిచూడాలి. చివరి డోస్ ఎప్పుడు ఇచ్చారో ఎక్కించకపోతే తెల్లవారేసరికి రెండో డోస్ పడిపోతుంది. సిస్టమ్ ఆగినప్పుడు తెరిచే డౌన్‌టైమ్ అల్మరాలో కనీసం 8 గంటలకు సరిపడా ఖాళీ ఫారాలు ఉండాలి, మందుల చార్టులు చూసే కంప్యూటర్ ఒకటి జనరేటర్ లైను మీద ఉండాలి. గో-లైవ్ తర్వాత వెండర్ (సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీ) మనుషులు ఎన్ని రాత్రులు వార్డుల్లో ఉంటారన్నది కాంట్రాక్టులోనే రాయించుకోవాలి. బేరం మొదలైతే ముందుగా కొట్టేసేది ఆ వాక్యాన్నే.