అడ్డపొగకి లేని భయం దిగులు మాత్రకెందుకు?

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లు కొందరు ఇప్పటికీ అడ్డపొగ తాగుతారు. వెలిగించిన చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుంటారు. అంగిలి తెల్లబారి, కొందరికి కేన్సర్ దాకా వెళ్తుంది. అయినా దాన్ని ఇంట్లో ఎవరూ వ్యసనం అనరు. అదే ఇంటి కోడలు దిగులు జబ్బుకి సెర్ట్రలిన్ మొదలుపెడితే మాత్రం, "ఒద్దే అమ్మా, ఆ బిళ్లలకి అలవాటుపడితే మరి మానలేవు" అంటారు. ఆ మాట విని మధ్యలో మందు ఆపేసి మళ్లీ మంచం పట్టేవాళ్ల గురించే నా బాధంతా.

చుట్టలోని నికోటిన్ నిమిషాల్లో మెదడుకి చేరి, హాయికి సంబంధించిన డోపమైన్ అనే రసాయనాన్ని ఎగదోస్తుంది. ఆ హాయిని, అది దొరికిన వేళని, పొగ వాసనని మెదడు కలిపి గుర్తుపెట్టుకుంటుంది. ఆ వేళకి చుట్ట అందకపోతే చిరాకు, వెతుకులాట. సారా, గంజాయి దారులు వేరైనా చేరేది ఈ చోటికే.

సెర్ట్రలిన్, అదే కోవకి చెందిన ఎస్సిటలోప్రామ్ అలా పనిచేయవు. నాడీకణం వదిలిన సెరటోనిన్ అనే రసాయనాన్ని అదే కణం వెనక్కి లాక్కోకుండా ఇవి అడ్డుకుంటాయి. ఆ పని కొన్ని గంటల్లోనే మొదలవుతుంది. మనసు తేలికపడడానికి మాత్రం 2 నుంచి 6 వారాలు పడుతుంది. ముందు కనిపించేది హాయి కాదు, వికారం, తలనొప్పి. రెండు మాత్రలు ఎక్కువ మింగినా మత్తెక్కదు. అందుకే వీటికోసం ఎవరూ ఇంట్లో గిన్నెలు తాకట్టు పెట్టరు.

మరి హఠాత్తుగా ఆపితే తల తిరగడం, ఒళ్లు జివ్వుమనడం ఎందుకు? శరీరం మందుకి సర్దుకుంది కాబట్టి. కొందరికి ఇది చాలా ఇబ్బందిగానే ఉంటుంది, కొట్టిపారేయకూడదు. డాక్టరు చెప్పినట్టు వారాలు, ఒక్కోసారి నెలల మీద మోతాదు తగ్గించుకుంటూ రావాలి. అయితే ఇది వ్యసనం కాదు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో ప్రకటించిన ప్రమాణాల్లో మాదకద్రవ్య వ్యసనానికి 11 లక్షణాలున్నాయి: తపన, తగ్గించుకోవాలన్నా తగ్గించుకోలేకపోవడం, పనులు పాడవడం, చెరుపు చేస్తోందని తెలిసీ మానలేకపోవడం వంటివి. డాక్టరు పర్యవేక్షణలో వాడే మందుకి శరీరం సర్దుకోవడాన్ని, ఆపితే వచ్చే బాధల్ని ఆ లెక్కలో వేయరు.

నిజంగా జాగ్రత్తపడాల్సిన మాత్రలు వేరే ఉన్నాయి. అల్‌ప్రజోలమ్, క్లోనజెపామ్ లాంటివి. గంటలోపే ఆందోళన దించేస్తాయి, కొన్ని వారాలకే మోతాదు చాలదనిపిస్తుంది. సారాతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. వైద్యులు సాధారణంగా వీటిని కొద్ది వారాలకే రాస్తారు. మన దగ్గర కొందరు నిద్ర పట్టడం లేదని పాత చీటీ చూపించి ఏళ్ల తరబడి కొనుక్కుంటూనే ఉంటారు. సెర్ట్రలిన్‌కి భయపడే ఇల్లే దీన్ని "నిద్ర మాత్రే కదా" అని సరిపెట్టుకోవడం నాకు మరీ కష్టంగా ఉంటుంది.

దిగులు తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు మందు కొనసాగించమంటారు, తొందరపడి ఆపితే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ కాబట్టి. మనసు ఒకసారి అతి ఉత్సాహంలోకి, ఒకసారి దిగులులోకి ఊగే బైపోలార్ జబ్బుకి లిథియం అనే మందు వాడేవారికి ఏళ్లు పట్టొచ్చు, మధ్యమధ్య రక్తపరీక్షలూ ఉంటాయి. చీటీలో రెండు మూడు పేర్లుంటే ఏది కొద్ది వారాలకి, ఏది నెలలకి అని డాక్టరుగారినే అడగండి. విశాఖ దాకా వెళ్లే వీలు లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.