పొబ్లాసియోన్: ఊరి నడిబొడ్డు చుట్టూ అల్లుకున్న అపోహలు, వాస్తవాలు

ఫిలిప్పీన్స్ చిరునామాలు, హద్దుల పటాలు సరిచూడడం నా వృత్తి. హైదరాబాదులో ఈ పనిలో చేరి పదమూడేళ్లయింది. మధ్యలో రెండుసార్లు ఆ దేశం వెళ్లి, అప్పటిదాకా జాబితాల్లో మాత్రమే చూసిన ఊళ్లను నడిచి చూసి వచ్చాను. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టిన మాట పొబ్లాసియోన్.

అది స్పానిష్ మాట. జనావాసం అని అర్థం. 1565 నుంచి 1898 దాకా స్పెయిన్ ఏలుబడిలో ఉన్న ఆ దేశంలో ఊరి పాత నడిబొడ్డును అలా పిలుస్తారు. చర్చి, దాని ముందు ప్లాజా అనే బహిరంగ మైదానం, దగ్గరలోనే పురపాలక భవనం, సంత, వాటి చుట్టూ గళ్లు గీసినట్టుండే వీధులు కలిస్తే పొబ్లాసియోన్. అదే మాట ప్రభుత్వ జాబితాల్లో ఒక పాలనా విభాగం పేరుగానూ ఉంటుంది. మొదటిది జనం మనసులో ఉన్న చోటు, రెండోది కాగితం మీది గీత. ఈ రెండింటినీ ఒకటిగా చూడడం వల్లనే నాకు తెలిసిన తప్పుల్లో సగానికి పైగా జరిగాయి.

చేరిన తొలి ఏడాది నేనూ అలాంటి తప్పే చేశాను. అక్కడి గణాంక సంస్థ జాబితాలో నడిబొడ్డుకు చెందిన విభాగాల పేర్ల పక్కన బ్రాకెట్లలో ‘పొబ్’ అనే చిన్న గుర్తు ఉంటుంది. పేర్లు శుభ్రం చేస్తున్నాననుకుని ఆ బ్రాకెట్లన్నీ తీసేశాను. ఒక పట్టణంలో ఒకే పునీతుడి పేరుతో రెండు విభాగాలు ఉన్నాయి, ఒకటి నడిబొడ్డులో, ఇంకొకటి కొండ దిగువన. గుర్తు పోగానే రెండూ ఒకటైపోయాయి. ఆ ఊరి చిరునామాలు విడదీసి మళ్లీ ఎవరివి వారికి చేర్చడానికి పదకొండు రోజులు పట్టింది. అప్పటి నుంచి కొత్తగా చేరేవారికి నేను మొదట నేర్పేది ఆ బ్రాకెట్ల సంగతే.

అపోహ: పొబ్లాసియోన్ అనే పాలనా విభాగాన్ని స్పెయిన్ వాళ్లే ఏర్పాటు చేశారు.

నడిబొడ్డును కట్టింది వాళ్లే. చెల్లాచెదురుగా ఉన్న గూడేలను ఒకచోటికి చేర్చే ఏర్పాటును రెదుక్సియోన్ అనేవారు. చర్చి గంట వినిపించేంత దూరంలో జనాన్ని కాపురం పెట్టించాలన్నది ఫాదరీల పట్టుదల. పన్ను వసూలుకూ, మతబోధకూ అది అనువు. చాలామంది ఒప్పుకోలేదు. పొలం వదిలి రాలేక అక్కడే ఉండిపోయి ఆదివారాలు మాత్రం వచ్చి వెళ్లినవారున్నారు, కొండల్లోకి వెళ్లిపోయినవారూ ఉన్నారు. పెద్ద చర్చి ఉన్న ప్రధాన ఊరు కబెసేరా, ఫాదరీ అప్పుడప్పుడు వచ్చిపోయే చిన్న ఊళ్లు విసీతాలు.

కానీ ఇవాళ జాబితాలో కనిపించే ‘బరంగాయ్ పొబ్లాసియోన్’ వయసు యాభై ఏళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. బరంగాయ్ అంటే అక్కడి అట్టడుగు పాలనా విభాగం, మన గ్రామ పంచాయతీని, పట్టణ వార్డును కలిపి ఊహించుకుంటే దగ్గరగా ఉంటుంది. దేశం మొత్తం మీద 42 వేలకు పైగా ఉన్నాయి. అంతకుముందు వాటిని బారియోలనేవారు. బారియో అంటే నడిబొడ్డుకు బయట ఉన్న పల్లె. బారియోలకు 1959లో, తిరిగి 1963లో ప్రత్యేక చట్టాలు వచ్చినప్పుడు వాటి చూపంతా పల్లెల మీదే, నడిబొడ్డు నేరుగా పట్టణ పాలనలోనే ఉండేది. అధ్యక్షుడు మార్కోస్ విధించిన సైనిక శాసన కాలంలో, 1972 చివర, పౌర సభల పేరుతో పట్టణాల లోపల కూడా విభాగాలు ఏర్పరిచారు. 1974 సెప్టెంబరు 21న వెలువడిన 557వ అధ్యక్ష ఉత్తర్వు బారియోల పేరును బరంగాయ్‌లుగా మార్చింది. ఆ మాట స్పెయిన్ వాళ్లు రాకముందు నుంచీ ఉన్నది, పడవకూ, ఒక పెద్ద కింద బతికే కుటుంబాల సమూహానికీ అదే పేరు. అంటే స్పానిష్ పేరున్న నడిబొడ్డుకు స్థానిక పేరున్న పాలనా రూపం ఇరవయ్యో శతాబ్దంలో అతికింది. స్పెయిన్ కాలపు హద్దు అని చూపించి ఈనాటి బరంగాయ్ గీతను పాత పటం మీద పరిచేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

అపోహ: ఊరికి ఒక్కటే పొబ్లాసియోన్ విభాగం ఉంటుంది.

చిన్న ఊళ్లలో చాలాచోట్ల ఒక్కటే. పెద్ద ఊళ్లలో ముక్కలు ముక్కలు. బతంగాస్ నగరంలోని 105 బరంగాయ్‌లలో 24 నడిబొడ్డువే, వాటికి పేర్లు లేవు, అంకెలే. దావావ్ నగరంలో పొబ్లాసియోన్ ఏకంగా ఒక జిల్లా, అందులో 1-ఎ నుంచి 40-డి దాకా 40 బరంగాయ్‌లు. మనీలా పక్కనున్న కైంతాలో శాన్ ఆండ్రెస్ పేరు పక్కన ఆ ‘పొబ్’ గుర్తు చూడవచ్చు. (1762లో మద్రాసు నుంచి బయలుదేరిన ఆంగ్ల నౌకాదళంతో మనీలా వెళ్లి, తిరిగి రాకుండా ఉండిపోయిన సిపాయిల వారసులు ఉన్న ఊరు అది. ఆ పేరు జాబితాలో వచ్చినప్పుడల్లా నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.) కేసోన్ నగరం 1939లో కొత్తగా గీసిన నగరం కనుక అక్కడ పొబ్లాసియోన్ అనే బరంగాయే లేదు.

ఇన్ని ముక్కలు ఉండడం వెనుక డబ్బు లెక్క కూడా ఉంది. 1991 స్థానిక పాలన చట్టం ప్రకారం జాతీయ పన్నుల నుంచి బరంగాయ్‌లకు వచ్చే వాటాలో, ఒక్కోదానికి నిర్ణీత మొత్తం పోగా మిగిలినదాన్ని 60 శాతం జనాభాను బట్టి, 40 శాతం అందరికీ సమానంగా పంచుతారు. ఆ సమాన వాటా నాలుగు వీధుల బరంగాయ్‌కీ వస్తుంది. అలాంటప్పుడు చిన్న విభాగాలను కలిపేద్దామని ఎవరు ముందుకు వస్తారు? కలపాలన్నా విడదీయాలన్నా అక్కడి ఓటర్ల ఆమోదం తప్పనిసరి. కొత్తగా ఏర్పరచాలంటే కనీసం 2,000 జనాభా, మహానగర మనీలాలోనూ పెద్ద నగరాల్లోనూ 5,000 ఉండాలి. ముందే ఉన్నవాటికి ఈ లెక్క అడ్డురాదు.

అపోహ: ఈ హద్దులు కాగితానికే పరిమితం, జనానికి వాటితో పనిలేదు.

బతంగాస్‌లో ఒక నడిబొడ్డు బరంగాయ్ కార్యాలయంలో ఒక ఉదయమంతా కూర్చున్నాను. రెండు గదులు, గోడ మీద అధ్యక్షుడి ఫొటో, కింద ఏడుగురు సభ్యుల ఫొటోలు, బల్ల మీద అంచులు నలిగిన ఫిర్యాదుల పుస్తకం. ఒక పెద్దావిడ వచ్చి ఎదురింటివాళ్ల మురుగునీరు తన గుమ్మం ముందుకు వస్తోందని చెప్పింది. గుమస్తా కలం ఎత్తి మొదట అడిగింది ఇంటి నంబరు కాదు, ‘వాళ్ల ఇల్లు వీధికి ఏ వైపు?’ అని. హద్దు ఆ వీధి నడిమధ్య నుంచి పోతోంది. ఒకే పట్టణంలో ఉండేవారి చిన్న తగాదాలు చాలావరకు కోర్టుకు వెళ్లే ముందు బరంగాయ్ రాజీ మండలి ముందుకు రావాలి. ఇద్దరివీ వేరు వేరు బరంగాయ్‌లైతే ఎదుటిపక్షం ఉండేచోట ఫిర్యాదు చేయాలి. గుమస్తా పుస్తకం మూసి, ఆవిడను వీధి దాటించి పక్క కార్యాలయం దాకా తనే తీసుకెళ్లాడు. మహా అయితే నూట యాభై అడుగులు. పటంలో ఆ గీతను నేను పది అడుగులు పక్కకు జరిపితే ఆవిడ ఎక్కడికి వెళ్లాలో మారిపోతుంది. నా పని ఎంత బరువైనదో ఆ రోజు అర్థమైనట్టు మరెప్పుడూ అర్థం కాలేదు.

అపోహ: స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ శాసనాలను చూసే ఈ ఊళ్లన్నీ అచ్చు గుద్దినట్టు కట్టారు.

1573 జూలైలో వెలువడిన ఆ శాసనాలు 148. ప్లాజా పొడవు వెడల్పుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి, గుర్రాలతో జరిపే ఉత్సవాలకు అది అనువు అంటాయి. 300 అడుగుల పొడవు, 200 అడుగుల వెడల్పుకు తగ్గకూడదు, 600కు 400 అయితే చక్కటి కొలత. ప్లాజా మూలలు నాలుగు దిక్కులకు చూస్తే గాలులు నేరుగా వీధుల్లోకి దూసుకురావు. చదువుతుంటే ఒక మంచి మేస్త్రి పక్కన నిలబడి చెబుతున్నట్టుంటుంది. అయితే మనీలా నగరం 1571లో, విగాన్ 1572లో వెలిశాయి, రెండూ శాసనాల కన్నా ముందువే. గళ్ల వీధుల పద్ధతి అప్పటికే స్పెయిన్ వాళ్లకు అలవాటైనది, శాసనాలు ఆ అలవాటును కాగితం మీద పెట్టాయి. చర్చి ప్లాజా మీదే ఉండాలన్నది శాసనమని కూడా చాలామంది రాస్తారు. సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లలో చర్చిని ప్లాజాకు కొంత ఎడంగా, ఎత్తు మీద కట్టమని శాసనం. ఫిలిప్పీన్స్‌లో చర్చి ప్లాజాకు ఎదురుగానే ఎక్కువగా కనిపించడానికి కారణం ఊరిని నడిపిన ఫాదరీలు.

అపోహ: పొబ్లాసియోన్ అంటే ఊరు పుట్టిన చోటు.

ఇది చాలా అందమైన నమ్మకం, అందుకే తొందరగా వదలదు. తాల్ పట్టణాన్ని చూడండి. 1754లో తాల్ అగ్నిపర్వతం నెలల తరబడి నిప్పులు కక్కింది. సరస్సు ఒడ్డున ఉన్న ఊరు పాడైపోయింది, జనం ఇప్పుడున్న చోటికి తరలివచ్చారు. పాత ఊరి చర్చి గోడలు ఇవాళ శాన్ నికోలాస్ అనే వేరే పురపాలికలో ఉన్నాయి. అంటే తాల్ పుట్టిన చోటు తాల్ హద్దుల్లోనే లేదు. కగ్సావా కథ ఇంకా కరకు. 1814 ఫిబ్రవరి 1న మయోన్ పర్వతం పేలినప్పుడు ఆ ఊరు బూడిదలో కూరుకుపోయింది. మిగిలినవారు దరాగాకు వెళ్లి కొత్త నడిబొడ్డు కట్టుకున్నారు. పాత చర్చి గంటస్తంభం ఇంకా పచ్చికలో నిలబడి ఉంది, వెనుక అదే పర్వతం. అక్కడ నిలబడి పటం తెరిస్తే ఏ పొబ్లాసియోన్ గుర్తూ ఉండదు.

అపోహ: నడిబొడ్డు అంటే వ్యాపార కేంద్రం, పురపాలక భవనం అక్కడే ఉండి తీరాలి.

మనీలా పక్కనున్న మకాతీ నగరం అనగానే అద్దాల మేడలు గుర్తొస్తాయి. అవి ఉన్నది వేరే బరంగాయ్‌లలో. బరంగాయ్ పొబ్లాసియోన్ పాసిగ్ నది ఒడ్డున, 1620 నాటి పునీత పీటర్, పాల్ చర్చి చుట్టూ ఉన్న పాత ఊరు. నగర పాలక భవనం మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది. అన్ని ఊళ్లలో అలా ఉండాలని లేదు. 1991 చట్టం పాలనా స్థానాన్ని ఎంచుకోవడానికి మధ్యలో ఉండడం, రాకపోకలు, మురుగు పారుదల వంటివి చూడమంటుంది. పరిస్థితులు మారితే ప్రజాభిప్రాయం విని, పాలక మండలి మొత్తం సభ్యుల్లో మూడింట రెండు వంతుల ఓటుతో తరలించుకోవచ్చు.

అపోహ: పొబ్లాసియోన్ ఉంటే అది పట్టణ ప్రాంతమే.

ఒకప్పుడు ఈ మాటలో కొంత నిజం ఉండేది. 1970 జనగణన నిర్వచనం ప్రకారం నడిబొడ్డులో జనం ఎంత తక్కువైనా కొన్ని గుర్తులుంటే దాన్ని పట్టణంగా లెక్కించేవారు. వీధులు సమాంతరంగానో అడ్డంగానో క్రమంలో ఉండాలి. కనీసం ఆరు వ్యాపార సంస్థలు ఉండాలి. ఇవి కాక పురపాలక భవనం లేదా నెలకొకసారైనా ప్రార్థన జరిగే చర్చి, ప్లాజా లేదా శ్మశానం, వారానికొకసారైనా సాగే సంత, బడి లేదా ఆసుపత్రి, వీటిలో మూడైనా ఉండాలి. నడిబొడ్డు అంటే ఏమిటో దీనికన్నా బాగా చెప్పిన ప్రభుత్వ పత్రం నాకు కనబడలేదు. 2003లో నిర్వచనం మారింది. ఇప్పుడు 5,000 జనాభా, లేదా వంద మంది పనిచేసే సంస్థ, లేదా కొన్ని చిన్న సంస్థలతో పాటు దగ్గరలో సదుపాయాలు, ఇవీ కొలతలు. పేరు పొబ్లాసియోన్ అయినా ఈ కొలతకు అందని చిన్న దీవుల ఊళ్లు గ్రామీణమే.

అపోహ: పొబ్లాసియోన్‌లోని పాత ఇళ్లకు పేరుతోనే రక్షణ ఉంటుంది.

ఉండదు. 2009 వారసత్వ చట్టం కింద ప్రకటించిన ప్రాంతాలకు రక్షణ వేరు, బరంగాయ్ గీత వేరు. మనీలాలోని కోటగోడల మధ్య ఊరు ఇంత్రామూరోస్‌కు 1979లో ప్రత్యేక పాలక సంస్థ వచ్చింది. దాని లోపల ఐదు బరంగాయ్‌లూ ఉన్నాయి, 654 నుంచి 658 దాకా. రెండు వ్యవస్థలూ ఒకే నేల మీద, వేరు వేరు పనులతో నడుస్తున్నాయి.

అపోహ: ప్యూర్టోరికోలోని ‘బారియో-పుయెబ్లో’ కూడా ఇలాంటిదే.

కరీబియన్ సముద్రంలోని ఈ అమెరికా దీవి కూడా ఒకప్పుడు స్పెయిన్ ఏలుబడిలోనిదే. పుట్టుక ఒకటే, బతుకు వేరు. ప్యూర్టోరికోలో 78 పురపాలికలు. వాటిని బారియోలుగా విభజిస్తారు, చాలావాటిలో పాత నడిబొడ్డును బారియో-పుయెబ్లో అంటారు. 1945లో వచ్చిన చట్టంతో ప్రణాళికా మండలి ఈ హద్దులను పటాలకెక్కించింది. ఆనాటి నడిబొడ్డు ఎంతవరకు ఉందో గీత అక్కడే నిలిచింది, ఊరు మాత్రం దాన్ని దాటి పెరిగింది. పోన్సే నగరంలో నడిబొడ్డు ఒక్క బారియో కాదు, మొదటిది నుంచి ఆరోది దాకా వరుస పేర్లున్న ఆరు. అసలు తేడా ఏమిటంటే, అక్కడి బారియోకు సొంత పాలన లేదు, ఎన్నికైన పెద్ద లేడు. ఫిలిప్పీన్స్ బరంగాయ్‌కి అధ్యక్షుడు, ఏడుగురు సభ్యులు, యువజన ప్రతినిధి, కార్యదర్శి, కోశాధికారి ఉంటారు. రెండు చోట్ల పట్టికలను ఒకే వరుసలో పెట్టి పోల్చేవారు ఈ ఒక్క సంగతి గమనిస్తే చాలు.

దావావ్‌లో వైద్యం చదవడానికి వెళ్లే మన పిల్లల తల్లిదండ్రులు తరచూ అడుగుతుంటారు, ‘చిరునామాలో పొబ్లాసియోన్ అని రాస్తే సరిపోదా?’ అని. సరిపోదు. ఇంటి నంబరు, వీధి రాశాక బరంగాయ్ అంకెను పక్కనున్న అక్షరంతో సహా రాయండి, ఆ తర్వాత పొబ్లాసియోన్ జిల్లా, దావావ్ నగరం. ఆ అంకె ఏదో ఇంటి యజమానికి తెలియకపోతే వీధి చివరి బరంగాయ్ కార్యాలయంలో అడిగితే వెంటనే చెబుతారు.