అరన్ దీవుల రాతిగోడలు: అపోహలు - వాస్తవాలు

ఐర్లండ్ పడమటి తీరంలో, గాల్వే అఖాతం ముంగిట ఇనిష్ మోర్, ఇనిష్ మాన్, ఇనిష్ ఈర్ అనే మూడు చిన్న దీవులున్నాయి. జనం సుమారు 1,300 మంది. ఐరిష్ భాష ఇక్కడ ఇంకా ఇంటి మాటే. ఎటు చూసినా సున్నపురాతి బండ, దాని మీద సున్నం, సిమెంటు తగలని గోడలు.

అపోహ: సందులున్న గోడ గాలికి నిలవదు.
వాస్తవం: ఆ సందులే దాన్ని నిలబెడతాయి. అట్లాంటిక్ గాలి కొంత లోపలినుంచి దూరిపోతుంది కాబట్టి గోడ మీద ఒత్తిడి తగ్గుతుంది. సందులు మూసేస్తే గాలి గోడ మీదుగా దూకి, అవతల సుడి తిరిగి పైరును పడగొడుతుంది. సిమెంటుతో అతుకు వేయవద్దనేది అందుకే.

అపోహ: కూలినచోట రాళ్లు మళ్లీ పేర్చేస్తే సరి.
వాస్తవం: గండికి రెండు పక్కలా కదలని రాయి తగిలేదాకా విప్పాలి. పెద్దవి, చిన్నవి వేరుచేయాలి. అడుగున మట్టి, గడ్డి గోకి బండ తేల్చాలి. మట్టి మీద కూర్చున్న రాయి వానకు కుంగుతుంది. ఇక్కడి ‘ఫెడీన్’ గోడలో ముందు పెద్ద రాళ్లను దూరం దూరంగా నిలువునా నిలబెట్టి, వాటి మధ్య చిన్న రాళ్లు బిగిస్తారు. పెద్దవి పైకి వెళ్తాయి. తలకిందులుగా అనిపించినా, కింది చిన్న రాళ్లను కదలనివ్వనిది ఆ బరువే. కింది రెండు రాళ్ల అతుకు మీదే పై రాయి కూర్చోవాలి. అతుకులన్నీ ఒకే వరసలో పడితే గోడ అక్కడే నిలువునా విచ్చుతుంది. ఊగే రాయిని అలాగే వదలకూడదు, చీలరాయి కొట్టాలి.

అపోహ: గేటు లేదంటే పొలానికి దారి లేనట్టే.
వాస్తవం: రెండు నిలువు రాళ్ల మధ్య వదులుగా పేర్చిన భాగమే దారి. పశువులను తోలేటప్పుడు విప్పి, వెనకే మళ్లీ పేరుస్తారు. చెట్లు అరుదైన చోట కలప గేటు ఖరీదైన వస్తువు.

అపోహ: గోడలు హద్దుల కోసమే.
వాస్తవం: బండ మీది రాళ్లు ఏరితేనే మడి తయారవుతుంది, ఏరిన రాయి గోడకెక్కుతుంది. ఆ మడిలో మట్టి కూడా చేసుకున్నదే. ముందు బండ నెర్రెల్లో రాతిముక్కలు కుక్కేవారు, లేకపోతే పోసినదంతా లోపలికి జారిపోయేది. తర్వాత ఇసుక, సముద్రపు నాచు పొరలు పొరలుగా పరచి, పగుళ్లలో దొరికిన కాస్త మట్టిని కలిపేవారు. బంగాళాదుంప పండేది అందులోనే. గోడకు గండి పడిందా, నాటకముందే పూడ్చాలి: ఆ పలుచటి పొరను గాలి ఎత్తుకుపోతుంది.